గౌడవెల్లిలో నేను చెప్పిన తప్పు జవాబు

మేడ్చల్ వైపు ఐదు రోజులు యాత్ర చేసి వచ్చానంటే హాస్టల్లో అందరూ నవ్వారు. సిటీ బస్సు వెళ్లే చోటికి వెళ్లి రావడం కూడా యాత్రేనా అని వాళ్ల అభ్యంతరం. నవ్విన ఏడుగురిలో ఒక్కరు కూడా బొల్లారం దాటి అటు వెళ్లలేదని ఆ సాయంత్రమే విచారించి తెలుసుకున్నాను. కాబట్టి ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వొస్తే నవ్వుకోండి, చివరిదాకా మాత్రం చదవండి.

నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మాది రేపల్లె దగ్గర పల్లె. నా గదిలోనే ఉండే యాదగిరిది గౌడవెల్లి. దీపావళి వెళ్లిన వారానికి వాడు ఇంటి నుంచి వచ్చి, "మా బాపు అయ్యప్ప మాల ఏస్తుండు భయ్. నాకు తెలివొచ్చినప్పటి సంది ఆయన కల్లు తాగని దినం నేను సూడలే. గా ముచ్చట సూద్దువు రా" అన్నాడు. సెలవులు కలిసొచ్చాయి. సంచిలో రెండు జతల బట్టలు, దుప్పటి, టార్చిలైటు, నోటుపుస్తకం, నెలాఖరున క్లాసులో ఇవ్వాల్సిన సెమినార్ కాగితాలు సర్దుకున్నాను. ఆ సెమినార్ దేని గురించో ఇక్కడే చెప్పాలి. మెదడులో నాడీకణాల చుట్టూ ఉండే రసాయన సంకేతాల మోతాదును పక్కనున్న కణాలు ఎలా అదుపులో పెడతాయన్నది నా విషయం. మూడు నెలలుగా అదే చదువుతున్నాను. నాకు బాగా వచ్చనుకున్నాను.

కండ్లకోయ

దారిలో మా బాబాయి ఇల్లుంది కాబట్టి ముందు అక్కడ దిగాలి. నేను సిటీ బస్సనుకుని ఎక్కింది ఇంజనీరింగ్ కాలేజీ బస్సు. లోపలున్న పిల్లలు ఎవరికి వాళ్లు నన్ను సీనియర్ అనుకుని నాకు చోటిచ్చారు, ఒకడు నమస్తే కూడా పెట్టాడు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తింపు కార్డు అడిగాకే సంగతి బయటపడింది. "ముఫ్త్‌ల వచ్చినవ్ గదా, ఇగ నడువ్" అన్నాడు. ఎండలో రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను. చెప్పు తెగింది.

బాబాయి బ్యాంకు ఉద్యోగి. హైవే పక్కన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కాలనీలో సగం మంది మా వైపు వాళ్లే. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గుమ్మడికాయ వడియాలతో పిన్ని భోజనం పెడితే, రేపల్లెలోనే ఉన్నానేమో అనిపించింది. గౌడవెల్లి వెళ్తున్నానని, ఎందుకో కూడా చెప్పాను.

"మంచిదే," అన్నారు బాబాయి. "కానీ మానడు, చూస్తూ ఉండు. వీళ్లకి మనసు మీద పట్టుండదురా. మా వాచ్‌మన్ ఉన్నాడు, పొద్దున్నే చేతులు వణుకుతుంటాయి. ఏమిట్రా అంటే చలండీ అంటాడు, మే నెలలో. గట్టిగా అనుకుంటే ఒక్క రోజులో మానెయ్యచ్చు. నేను సిగరెట్ మానలేదూ?"

"మానారు," అంది పిన్ని వంటింట్లోంచి, "మూడుసార్లు."

నేను నవ్వాను. నవ్వుతూనే బాబాయి మాటకు తలూపాను. మే నెలలో చేతులు ఎందుకు వణుకుతాయని అడగాల్సిన చదువు నాది. అడగలేదు. ఆ తలూపడం గుర్తుపెట్టుకోండి.

గౌడవెల్లి, మొదటి సాయంత్రం

మేడ్చల్ నుంచి యాదగిరి మోపెడ్ మీద తీసుకెళ్లాడు. వాళ్ల అమ్మ సత్తెమ్మ వాకిలి అలికి ముగ్గేసి ఉంచింది. లోపల పీట మీద కొత్త నల్ల పంచె, నల్ల తుండు, తులసి మాలలు పసుపు రాసిన పళ్లెంలో పెట్టి ఉన్నాయి. ఆమె ప్రతి పది నిమిషాలకూ వెళ్లి అవి అక్కడే ఉన్నాయో లేదో చూసుకుని వస్తోంది.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద తెర్లాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పిసికి, పొయ్యి మొహం చూపించకుండా పోసేస్తారు. మూడుసార్లు పోయించుకున్నాను.

యాదగిరి బాపు పోచయ్య ద్రాక్షతోటలో పని చేస్తాడు. యాభై ఏళ్లుంటాయి. సన్నగా, తీగలాగే ఉంటాడు. ఆకులు రాలాక కొమ్మకు ఎన్ని కళ్లు ఉంచి కత్తిరిస్తే కాపు బాగుంటుందో ఆ చుట్టుపక్కల ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదట. కన్ను అంటే చిగురు పుట్టే గణుపు. ఒక్క కన్ను తప్పితే ఒక గుత్తి పోయినట్టే. అంత సన్నటి పనికి పొద్దున్నే కల్లు తాగి ఎలా వెళ్తారని అడిగాను.

"తాగుతెనే పోత సారూ," అన్నాడు. "పొద్దుగాల ఒక సీస పడితెనే కత్తెర చేతుల నిలుస్తది. లేకుంటె వేళ్లు మాట ఇనయ్."

ఇక్కడ పెద్దవాళ్లు సారు అంటూనే నువ్వు అంటారు. మొదట నాకు వింతగా ఉండేది. మర్యాద సారులో ఉంది, దగ్గరితనం నువ్వులో ఉంది.

తిన్నాక పోచయ్య బీడీ వెలిగించి, నా పక్కన కూర్చుని, కొడుకు వినకుండా గొంతు తగ్గించాడు.

"సారూ, నువ్వు మెదడు గురించి సదువుతవట. మావోడు జెప్పిండు. ఒకటడుగుత. రేపటి సంది ఇగ సుక్క ముట్ట. ఇరవై ఏండ్ల సంది రోజు తాగుతున్న. ఒక్కసారే బంద్ జేస్తే ఏమైతది?"

ఆయన అడిగింది నా సెమినార్‌లోని ప్రశ్నే. నేను చెప్పిన జవాబు మాత్రం బాబాయిది.

"ఏమీ కాదు బాపూ. మనసు గట్టిగా పెట్టుకోండి, అంతే."

"గట్లనా," అన్నాడు. బీడీ పూర్తి చేసి లేచాడు. నేను హాయిగా నిద్రపోయాను.

మాల, డిపో

మర్నాడు తెల్లవారుతూనే చన్నీళ్ల స్నానం చేయించి గురుస్వామి అంజయ్య మాల వేశాడు. అంజయ్య మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. పద్నాలుగుసార్లు శబరిమల వెళ్లొచ్చినవాడు. మాల పడ్డ క్షణం నుంచి పోచయ్యను ఇంట్లోవాళ్లు కూడా స్వామీ అనాలి. మా ఊళ్లోనూ ఇదే ఆచారం, కానీ సత్తెమ్మ అన్నట్టు ఎవరూ అనగా నేను వినలేదు.

"స్వామీ, చాయ్ తాగుతరా?"

"ముప్పై ఏండ్ల సంది 'ఓయ్' అన్న మనిషి," అన్నాడు యాదగిరి నా చెవిలో. సత్తెమ్మకు వినబడింది. "అప్పుడు సీస పట్టుకున్నడు, గందుకె ఓయ్ అన్న. ఇప్పుడు దేవుడైండు" అంది. నవ్వుతోంది గానీ కళ్లలో నీళ్లు ఉన్నాయి.

పూజ అయ్యాక, పోచయ్య మానేసిందేమిటో చూద్దామని నేనూ యాదగిరీ కల్లు డిపోకు బయల్దేరాం. అది ఊళ్లో కాదు, రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద ఉంది. దారిలో తాటిచెట్లు లెక్కపెట్టాను. నాకు అలవాటు. మొత్తం పంతొమ్మిది. వాటిలో లొట్టి, అంటే కల్లు కుండ, కట్టినవి పదకొండు. మా వైపు తాటికల్లు కుండల్లో దిగుతుంది, పొద్దెక్కేసరికి అయిపోతుంది. ఇక్కడ డిపోలో పాత బీరుసీసాల్లో నింపిన కల్లు పెట్టెలు పెట్టెలుగా గోడ ఎత్తున పేర్చి ఉంది. నేను లెక్కపెట్టినంత వరకే అరవై పెట్టెలు. ఒక్కో దాంట్లో పన్నెండు సీసాలు. పదకొండు చెట్లు రోజుకు రెండు పూటలా గీసినా అందులో ఐదోవంతు నిండదు.

గల్లా దగ్గర మనిషిని అడిగాను. "చెట్లు ఎక్కడున్నాయండి?"

"చెట్లు మా ఇంటెనక ఉన్నయ్, సూస్తవా?" అన్నాడు. "తాగేతందుకొచ్చినవా, లెక్కలు రాసేతందుకొచ్చినవా?"

బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. వాళ్లలో ముగ్గురి చేతులు వణుకుతున్నాయి. సీసా సగమయ్యేసరికి ఆ ముగ్గురివీ ఆగిపోయాయి. అది కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను, అర్థం చేసుకోకుండా. సీసా ఐదు రూపాయలు. పక్కనే చాయ్ రెండు. నేనూ ఒక సీసా తీసుకున్నాను. తెల్లగా ఉంది, తియ్యగా ఉంది, ఆ తీపి నాలిక వెనక చేదుగా అంటుకుంది. కల్లు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా చేలో పోతుతాడి కల్లు ఎన్నిసార్లు తాగానో. రెండు గ్లాసులకు కాస్త నవ్వొచ్చేది, అంతే.

ఇల్లు చేరి మంచం మీద నడుం వాల్చింది పదకొండున్నరకు. కళ్లు తెరిచేసరికి మర్నాడు పొద్దున ఆరు. మధ్యాహ్నం ఒకసారి లేపి అన్నం పెట్టారట, తిన్నానట. నాకు తెలియదు.

"ఏం కలుపుతార్రా అందులో?" అన్నాను తల పట్టుకుని.

"నిద్రగోళీల పొడి," అన్నాడు యాదగిరి, రేపు సోమవారం అన్నంత మామూలుగా. "సంచులల్ల వస్తది. ఊరందరికి ఎర్కే."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వడగలే గదా."

చెట్టెక్కే గౌడన్నలను నేను అనడం లేదు. ఆ పదకొండు చెట్లు ఎక్కేవాళ్లు ఆ డిపో ముందు నుంచి తలవంచుకుని పోతారు. నా కోపం చెట్టు లేకుండా కల్లు చేసేవాడి మీద. ఊరి మెదళ్లలోకి రోజూ ఎంత పోస్తున్నాడో వాడికే తెలియదు. ఇవాళ చారెడు, రేపు దోసెడు.

ద్రాక్షతోట

మూడో రోజు పొద్దున పోచయ్య స్వామి తోటకు బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. రాత్రంతా నిద్ర పట్టలేదట. చలిలో కూడా మెడ మీద చెమట కారుతోంది. పందిరి కింద నిలబడి కత్తెర ఎత్తాడు. కత్తెర కొమ్మకు తగలకుండానే టిక్కుటిక్కుమంటోంది. రెండు చేతులతో పట్టుకుని కోశాడు. కన్ను తెగి కింద పడింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇరవై ఏండ్లల్ల గిట్ల కాలే," అన్నాడు. కొంచెంసేపటికి, "సారూ, గుంజ మీద గన్ని చీమలేంది?" అన్నాడు.

గుంజ మీద చీమల్లేవు.

అప్పుడు నాకు తెలిసింది. మూడు నెలలు కాగితం మీద చదివింది ఆ పందిరి కింద ఒక్క నిమిషంలో తెలిసింది. అక్కడ తెలిసినట్టే ఇక్కడ రాస్తాను.

మెదడులో ఒక కణం పక్క కణంతో మాట్లాడాలంటే మధ్య సందులోకి రసాయనం విడుస్తుంది. కొన్ని రసాయనాలు 'లే' అంటాయి, కొన్ని 'ఆగు' అంటాయి. మాట అయిపోయాక ఆ రసాయనం సందులోనే ఉండిపోతే అవతలి కణం అరుపు ఆపదు. అందుకే ఆ సందుల చుట్టూ నక్షత్రం ఆకారంలో కొమ్మలు చాచిన కణాలు కాపు కాస్తాయి. మిగిలిన రసాయనాన్ని అవి క్షణంలో లోపలికి లాక్కుంటాయి, హాని లేని రూపంలోకి మార్చి, మళ్లీ వాడుకోమని విడిచిన కణానికే తిరిగి పంపుతాయి. మనం కూడు తింటున్నా నిద్రపోతున్నా వాటికి సెలవు లేదు. 'లే', 'ఆగు' రెండూ కొలతలో ఉంటేనే చేతిలో కత్తెర నిలుస్తుంది.

నిద్రగోళీల పొడి 'ఆగు' అనే మాటను బలంగా వినిపిస్తుంది. రోజూ, ఏళ్ల తరబడి అలా వినిపిస్తే మెదడు తన లెక్క తాను మార్చుకుంటుంది. 'ఆగు' వినే చెవులు తగ్గించుకుంటుంది, 'లే' అనే గొంతు పెంచుకుంటుంది. ఆ తూకంతోనే బతుకుతుంది. ఒక రోజు పొద్దున పొడి ఆగిపోతుంది. 'ఆగు' వినేవాళ్లు లేరు, 'లే' మాత్రం వెయ్యి గొంతులతో అరుస్తుంది. నక్షత్ర కణాలు ఎంత ఊడ్చినా ఆ పోటుకు చాలవు. వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, లేని చీమలు అన్నీ అందులోంచి వచ్చేవే. ఆ తర్వాత రాగలిగేది మూర్ఛ. మనసు గట్టిగా పెట్టుకోవడానికి ఇందులో చోటెక్కడుంది? ఆ మనిషి మనసు గట్టిగానే ఉంది, రెండు చేతులతో కత్తెర పట్టుకునేంత గట్టిగా.

మేడ్చల్

పోచయ్యను ఇంటికి తీసుకొచ్చాను. మాలధారులు నలుగురు వచ్చారు. "నియమంల ఏదో లోపమైంది" అన్నాడు అంజయ్య, బాధగానే. సత్తెమ్మ మొహం పాలిపోయింది. "నేనేమన్న తప్పు జేసిన్నా స్వామీ? గిన్నెలు గూడ కొత్తయి కొన్న" అంది. ఆ మాట విన్నప్పుడు నేను నోరు తెరవాల్సింది. నలుగురు పెద్దవాళ్ల ముందు, వాళ్ల దీక్ష సంగతిలో, మూడు రోజుల అతిథిని. తెరవలేదు.

మేడ్చల్‌లో ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. పేరు రాయను. నాడి చూడలేదు, ఏం మానేశావని అడగలేదు. నీరసమన్నాడు. సెలైన్ సీసా వేలాడదీసి అందులో ఎర్రటి విటమిన్ మందు కలిపాడు. సీసా ఎర్రబడగానే సత్తెమ్మ దండం పెట్టింది. ఆయన ఇస్తున్నది నీళ్లు, ఉప్పు, రంగు.

"ఈయన కల్లు మానేశారండి. అది నిద్రమాత్రలు కలిపిన కల్లు. ఇది నీరసం కాదు" అన్నాను.

"నువ్వు డాక్టరువా?"

"కాదండి."

"మరి?"

బయటికొచ్చి బండి మీద మిర్చిబజ్జీలు కొనుక్కుని తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. యాదగిరికి అంతా చెప్పాను. వాడు సైన్సు విద్యార్థే, వెంటనే అర్థమైంది. "అయితె ఇయ్యాలటికి ఒక గ్లాసు పోద్దామా?" అన్నాడు. సెలైన్ అయ్యాక అందరం ఇంటికొచ్చాం, వాడు అమ్మను అడిగాడు.

"సీస పోస్తె ఒణుకు బందైతదని నాకెర్క లేదా బిడ్డా?" అంది సత్తెమ్మ. "ఎన్నేండ్లు పోసిన. మాల మీద మాత్రం పొయ్య. సస్తె నేను సస్త."

రేపు స్వాములంతా దేవరయాంజాల్ సీతారాములను చూడబోతున్నారు, అక్కడి నుంచి శామీర్‌పేట ఆసుపత్రి దగ్గరే, దర్శనం కాగానే పోదామని తేల్చారు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ ఒప్పుకోవడం మీదే అన్నిటికన్నా కోపంగా ఉంది. ఏమొస్తుందో ఆ ఇంట్లో తెలిసినవాణ్ని నేను, ఒక రోజు వాయిదాకు తలూపాను. తలూపడం నాకు అలవాటైపోయినట్టుంది.

దేవరయాంజాల్

గుడి పాతది. రాతి స్తంభాలు, పెద్ద ప్రాకారం, లోపల చల్లదనం. మామూలు రోజైతే ఒక పూట కూర్చుని స్తంభాలు లెక్కపెట్టేవాణ్ని. మంటపంలో స్వాములు శరణుఘోష మొదలుపెట్టారు. మూడో శరణానికి పోచయ్య స్వామి గొంతు ఆగిపోయింది. కళ్లు పైకి తిరిగాయి. నిలువునా బిగుసుకుని రాతి మీద పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

"పూనకం! స్వామొచ్చిండు!" అని ఎవరో అరిచారు. శరణుఘోష రెట్టింపైంది. ఒకాయన హారతి కర్పూరం వెలిగించాడు.

అప్పుడు అరిచాను. నా జీవితంలో గుళ్లో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "పూనకం కాదు! మూర్ఛ! జరగండి, గాలి రానియ్యండి!"

గొంతులు ఆగిపోయాయి. అందరూ అంజయ్య వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు.

"కర్పూరం ఆర్పుండ్రి," అన్నాడు అంజయ్య. "ఆటో పిలువుండ్రి, జల్ది. పోరడు జెప్పింది చెయ్యిండ్రి."

పక్కకు తిప్పి పడుకోబెట్టాం. అంజయ్య తన నల్ల తుండు మడిచి తల కింద పెట్టాడు. మాల మెడకు బిగుసుకోకుండా తన వేళ్లు దాని కింద దూర్చి, ఆటో శామీర్‌పేట చేరేదాకా తీయలేదు.

శామీర్‌పేట

డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి మాట, "కల్లు బంద్ జేసి ఎన్ని దినాలైంది?" రెండో మాట, "ఏ డిపో?"

అంత చదువుకున్న నాకు సంగతి పట్టడానికి మూడు రోజులైంది. ఆమెకు ఒక్క చూపు చాలింది. సూదిమందు ఎక్కించింది. రెండు నిమిషాల్లో పోచయ్య చేతులు నిలిచాయి. బల్ల మీది గాజుబుడ్డి మీద పేరు చదివాను.

"మేడమ్, ఇది ఆ డిపోలో కలిపే రకం మందేగా?"

"అవును. వాళ్లు కొలత లేకుంట పోస్తరు. నేను కొలిచి పోస్త, కొలిచి తగ్గిస్త. గంతే తేడా." ఆమె కేస్ షీట్ రాస్తూ తల ఎత్తకుండానే అంది. "ఒక్కసారే ఆపుమని ఎవరు జెప్పిండ్రు ఈయనకు?"

"నేనండి."

"ఏం సదువుతున్నవ్?"

చెప్పాను. సెమినార్ విషయం కూడా చెప్పాను, దాచి లాభం లేదని. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "మంచిది," అని మళ్లీ రాసుకుంది. తిట్టినా బాగుండేది.

తర్వాత సంగతులు వరండాలో జరిగాయి. రోజూ మాత్రలు ఇవ్వాలి, కొన్ని రోజులకోసారి కొంచెం తగ్గిస్తూ పోవాలి, రెండు నెలల పైనే పట్టొచ్చు, తొందరపడితే మళ్లీ ఇదే జరుగుతుందని ఆమె చెప్పింది. సత్తెమ్మ అంజయ్యను చూసింది. అందరి మనసులో ఒకటే ఉంది. అదే రకం పొడి గోళీగా మింగితే మాల నిలుస్తుందా? నిలవదంటే ఆమె మాత్ర వేయనివ్వదు. కల్లు పొయ్యనివ్వని మనిషి.

పద్నాలుగుసార్లు కొండకు వెళ్లిన మనిషి ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను. వాదించడానికి వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నలభై ఒక్క రోజులల్ల తగ్గకుంటె ఇంకో మండలం ఏస్కుంటడు," అన్నాడు అంజయ్య. "అయ్యప్పకు తొందరేముంది? రోజు శరణు జెప్పినంక గోళీ నా చేతులకెళ్లి ఇస్త. డాక్టరమ్మ ఎంత రాస్తె అంత. ఎక్కువ లేదు, తక్కువ లేదు. దీక్ష అంటె గదే గదమ్మా." తర్వాత నా వైపు తిరిగాడు. "నియమంల లోపమన్న. నాకెర్క లేక అన్న. నీకెర్క ఉండి ఎందుకు జెప్పలే?"

సిద్ధం చేసుకున్న వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు.

వార్డులో, ఐదో రోజు పొద్దున

చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని లోపలికెళ్లాను. ఆరు మంచాల వార్డు. పోచయ్య దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మాల మెడలోనే ఉంది. చాయ్ గ్లాసు ఒక్క చేత్తో అందుకున్నాడు. కొద్దిగా వణికింది గానీ ఒలకలేదు.

"సారూ, ఆనాడు ఒకటడిగిన నిన్ను."

"అడిగారు స్వామీ."

"ఏం జెప్పినవ్?"

"ఏమీ కాదన్నాను."

"ఇప్పుడు మల్ల అడుగుతున్న," అన్నాడు. గొంతులో కోపం లేదు. తోటలో పని చెప్పించుకున్నట్టు అడిగాడు. "ఒక్కసారే బంద్ జేస్తే ఏమైతది?"

ఆయనకు తెలిసిన పనిలోంచి చెబుదామనుకున్నాను. "పందిరి గుంజలన్నీ ఒక్కరోజే పీకేస్తే ఏమవుతుంది? తీగ కూలిపోతుంది. ఒక్కొక్కటే తీస్తే..."

"తప్పు సారూ. ఒక్కొక్కటి తీసినా కూలుతది. ద్రాక్ష ఎన్నడు సొంతంగ నిలువదు. గా ముచ్చట ఇడువు, సక్కగ జెప్పు."

సక్కగానే చెప్పాను. మెదడులో లే అనే మందు, ఆగు అనే మందు ఉంటాయని, రెంటినీ కొలతలో పెట్టే కణాలు రాత్రింబవళ్లు ఊడుస్తుంటాయని, డిపోవాడి పొడి ఏళ్ల తరబడి ఆ కొలత మార్చేసిందని, ఒక్కసారే ఆపితే ఆ కణాలు తట్టుకోలేవని, మూర్ఛ వస్తుందని, ప్రాణం కూడా పోవచ్చని. కొంచెం కొంచెంగా తగ్గిస్తే కొలత మళ్లీ కుదురుకుంటుందని. ఇది మనసు బలహీనత కాదని. నాకు తెలిసి కూడా చెప్పలేదని, తప్పు నాదని.

పోచయ్య చాయ్ తాగడం పూర్తి చేశాడు. "గిది ఆనాడే జెప్తె అయిపోతుండె," అన్నాడు.

పక్క మంచం మీద ఒకతను దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి వణుకుతోంది. మంచం పక్కన నేల మీద కూర్చున్న అతని భార్య లేచి నా దగ్గరికొచ్చింది.

"సారూ, మల్లొక్కసారి జెప్పు. మా ఆయనకు సరిగ ఇనవడలే. ఆయన గూడ బంద్ జేస్తనంటుండు."

స్టూలు ఆ మంచం పక్కకు జరుపుకున్నాను. మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.